‘మొగ’ మొదటి సంచిక: ప్రాజెక్టు డైరీ

జులై 14, 2025, సోమవారం

క్యాంటీన్ వెనక వేపచెట్టు కింద మొదటి మీటింగ్ అయింది. తొమ్మిది మందిమి. ఎంఏ పొలిటికల్ సైన్స్ నుంచి ఐదుగురు, ఎకనామిక్స్ నుంచి ఇద్దరు, ఇంగ్లీషు నుంచి ఒకరు. వీళ్లు కాక ఎవరూ పిలవకుండానే వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడొకడు. డిజైన్ చేయడం వచ్చన్నాడు, ఇంకేమీ అడక్కుండా కలిపేసుకున్నాం.

అంతర్జాతీయ సంబంధాల మీద తెలుగులో ఒక విద్యార్థి పత్రిక తేవాలని మా ఆలోచన. కోచింగ్ మెటీరియల్ కాదు, చదువుకోడానికి. చీటీలు వేస్తే సంపాదకత్వం నా నెత్తిన పడింది. రెండో సంచిక ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు కాబట్టి, వాళ్లకి పనికొస్తుందని ఈ డైరీ.

పేరు మీదే గంటన్నర పోయింది. ‘విశ్వవీక్షణం’, ‘దౌత్యవాణి’ లాంటివి వచ్చాయి. వింటుంటేనే ఆవులింతలు. చివరికి నరసాపురం అమ్మాయి “మొగ” అంది. నది సముద్రంలో కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. బయటి నీళ్లు లోపలికీ, లోపలి నీళ్లు బయటికీ పోయేది అక్కడే. కర్నూలు నుంచి వచ్చి చదువుకుంటున్న మిత్రుడికి ఆ మాటే తెలీదు. “మగాళ్ల పత్రికా?” అన్నాడు. సాయంత్రం మా మేడం కూడా సరిగ్గా అదే అడిగారు. అయినా మార్చలేదు. పేరు కింద చిన్న అక్షరాల్లో అర్థం వేస్తే సరిపోతుంది.

మాలో మేం పేర్లతో పిలుచుకునేది తక్కువ, ఊళ్ల పేర్లే వాడతాం. నరసాపురం, ఆకివీడు, ముమ్మిడివరం, కాకినాడ, కర్నూలు. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆగస్టు 10, ఆదివారం

పదకొండు వ్యాసాలు వచ్చాయి. ఏడు ఆవు వ్యాసాలు. ఏ విషయం తీసుకున్నా మూడో పేరాకల్లా అమెరికా–చైనా అనే ఆవుని తెచ్చి స్తంభానికి కట్టేసి, ఇక ఆ ఆవు గురించి రాసుకుంటూ పోయారు. ఇంగ్లీషు పేపర్ల సంపాదకీయాలు నాలుగు కలిపి రుబ్బితే వచ్చే పిండి అది. అందులో ఒకటి నాదే: “ఉక్రెయిన్ యుద్ధం – మారుతున్న ప్రపంచ వ్యవస్థ”. పదిహేను వందల మాటలు. నిన్న రాత్రి మళ్లీ చదివితే అందులో నాదన్న వాక్యం ఒక్కటీ కనబడలేదు.

ప్రతి వ్యాసం మార్జిన్‌లో ఆకివీడు ఎర్ర పెన్నుతో ఒకే ప్రశ్న రాసింది: “ఇది ఇక్కడ కూర్చుని రాశారని ఎక్కడ తెలుస్తుంది?” నా వ్యాసం మీద మాత్రం ప్రశ్న కింద ఇంకో ముక్క చేర్చింది: “రష్యా చమురు కొంటున్నామని ఇంకో పాతిక శాతం వేశారు కదా. నీ ఉక్రెయిన్ని మా మావయ్య చెరువు గట్టు మీదకి పట్రా.”

నిజమే. మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం ఆగస్టు 7 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందురోజే, రష్యా చమురు కారణం చూపించి మరో 25 శాతానికి ఉత్తర్వు ఇచ్చారు. అది 27 నుంచి. మన దేశపు రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా. రొయ్యల సాగులో మొదటి స్థానం మన రాష్ట్రానిది. ఎక్కడో డాన్‌బాస్‌లో నాలుగో ఏడు నడుస్తున్న యుద్ధానికీ భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందిస్తూ తిరుగుతున్న ఏరేటర్లకీ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని పదిహేను వందల మాటల్లో నేను కనిపెట్టలేకపోయాను.

ఆగస్టు 31, ఆదివారం

ఆకివీడు వాళ్ల మేనమామ చెరువు దగ్గర రోజంతా. రాసుకోవాల్సింది చాలా ఉంది.

27న వినాయక చవితి. గట్టు మీద షెడ్డులో చిన్న మట్టి వినాయకుడు ఇంకా ఉన్నాడు, పత్రి ఎండిపోయింది. “పూజ చేసుకున్న రోజే యాభై అయిందండి. విఘ్నాలు తీర్చమంటే ఇదీ వరస,” అన్నాడాయన. నేను వయసులో చిన్నవాణ్ణి, అయినా మాటకి ముందు అండీ, వెనక అండీ.

మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో వేలాడదీసే చెక్ ట్రేని ఆయన తాడు లాగి పైకెత్తాడు. మేత అయిపోయింది, పదీ పదిహేను రొయ్యలు ఎగురుతున్నాయి. ఒకదాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని ఎండకి ఎత్తి చూపించాడు. వీపు పొడుగునా నల్లటి దారంలా పేగు. దారం తెగకుండా నిండుగా ఉంటే బాగా తింటోందని లెక్క. “ఇది అరవై కౌంట్లో ఉంది. ఇంకో నెల ఉంచితే నలభైకి వస్తది. కానీ ఉంచాలా, తీసేయాలా?” కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. అమెరికాకి వెళ్లే సరుకులో పెద్ద రొయ్యదే పెద్ద వాటా కాబట్టి దెబ్బ ముందు దానికే తగిలింది. వేరే దేశాలకి వెళ్లే వంద కౌంట్‌కి కూడా ఏప్రిల్లో, సుంకాల మాట వినగానే రేటు కోశారని ఆయన కోపం. “అమెరికా ఎక్కని రొయ్యకి అమెరికా సుంకం ఏంటండి?”

దీని మీద తిరుగు ప్రయాణంలో బస్సులో పెద్ద వాదన నడిచింది. ఎకనామిక్స్ వాళ్లు అంచనాలు, మార్కెట్ భయం అన్నారు. ఆకివీడు మాత్రం “భయం కాదు, సాకు” అంది. రెండూ వేశాం.

నాకు బాగా పట్టిన విషయం ఇంకోటి. ఈ వనామీ రొయ్య మనది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతిచ్చారు. ఇప్పటికీ తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ అయ్యాకే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకి చేరతాయి. అంటే తల్లి అమెరికా నుంచి వస్తుంది, పిల్ల పెరిగి అమెరికాకే పోతుంది. మధ్యలో నాలుగు నెలలు మన ఉప్పునీళ్లు, మన కరెంటు, మన అప్పు. పోటీదారు ఈక్వడార్‌కేమో సుంకం 15 శాతమే, దూరమూ తక్కువ. పైగా అది ఆ రొయ్య పుట్టిన తీరం. మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకం అమెరికా మన రొయ్య మీద 2005లోనే మొదలుపెట్టింది. ఇదేమీ నిన్నటి గొడవ కాదన్న మాట.

బయల్దేరేటప్పుడు ఆయన అన్న మాటే నా వ్యాసానికి మొదటి వాక్యం: “రష్యా చమురు చవగ్గా కొన్నామంటున్నారు కదా బాబూ, నా బండికి లీటరు మీద ఒక్క రూపాయి తగ్గిందా ఏంటి?”

పాత వ్యాసం చింపేశాను. పెరుగన్నం, గుమ్మడికాయ పులుసుతో పంపారు. గోదావరి జిల్లాలో నోట్సు రాసుకోవడం కష్టం, చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు.

సెప్టెంబరు 13, శనివారం

ఈ వారమంతా మాటల పంచాయితీ.

ఒక జూనియర్ ఇంగ్లీషు పాఠం ఒకటి యంత్రంతో అనువదించి తన వ్యాసంలో అతికించాడు. “రాష్ట్రాలు తమ మనుగడ కోసం యుద్ధాలు చేస్తాయి” అని ఉంది. అయితే తెలంగాణతో ఎప్పుడని కాకినాడ అడిగాడు. ఇంకా కింద “రాష్ట్రేతర నటులు” అని వచ్చింది. ప్రభాస్ ఇక్కడివాడే కదా అని కాసేపు అదో గోల. అవి నాన్-స్టేట్ యాక్టర్లు, అంటే ఏ దేశ ప్రభుత్వమూ కాని శక్తులు, సాయుధ ముఠాల నుంచి బహుళజాతి కంపెనీల దాకా.

నవ్వులాట పక్కన పెడితే చిక్కు నిజమైనదే. మన రాజ్యాంగం పుణ్యమా అని స్టేట్ అనగానే తెలుగువాడి నోట రాష్ట్రం అనే వస్తుంది. ఈ సబ్జెక్టు మొత్తం నిలబడిందేమో ఆ ఒక్క మాట మీద. ‘రాజ్యం’ అంటే రాజు గుర్తొస్తాడు, ‘దేశం’ అంటే మట్టీ మనుషులూ గుర్తొస్తారు. ‘ప్రభుత్వం’ అంటే ఐదేళ్లకోసారి మారేది. చివరికి సిద్ధాంతం మాట్లాడేచోట ‘రాజ్యం’, మిగతాచోట్ల ‘దేశం’ అని తీర్మానించాం. కర్నూలు ఒప్పుకోలేదు. మినిట్స్‌లో అసమ్మతి రాయించుకున్నాడు.

డెటరెన్స్‌కి పుస్తకాల్లో ‘నిరోధం’ అని ఉంది. “అణు నిరోధం” అని గట్టిగా చదివేసరికి వెనక బెంచీలో ముగ్గురు బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చారు. ఆసుపత్రి గోడల మీద ఆ మాటకున్న ప్రచారం అలాంటిది. నరసాపురం వాళ్ల నాన్నమ్మ చేలో పిట్టలు వాలకుండా పెట్టే బొమ్మని బెదురుబొమ్మ అంటుందట. ఆ బొమ్మ ఎవర్నీ కొట్టదు, కొడుతుందేమోనని పిట్టలు రావు. డెటరెన్స్ అంటే సరిగ్గా అదే. “అణు బెదురు” అని వేశాం. టారిఫ్‌కి సుంకం, కానీ రైతు నోట వచ్చినచోట టారిఫ్ అనే ఉంచాం. చెరువు గట్ల మీద ఆ మాట ఇప్పుడు ఏరేటరంత మామూలైపోయింది.

సెప్టెంబరు 21, ఆదివారం

డబ్బులు. తలో వెయ్యి వేసుకున్నాం, తొమ్మిది వేలు. మేడం మూడు వేలిచ్చారు. యూనివర్సిటీ నుంచి సాయం అడిగిన కాగితం మూడు టేబుళ్లు తిరిగి, నాలుగో టేబుల్ దగ్గర నిద్రపోతోంది. రొయ్యల మేత అమ్మే షాపాయన చివరి అట్టకి ఐదు వేలిస్తానన్నాడు. ముందే వ్యాసం చూపించమని అడగనంటేనే తీసుకుంటామని చెప్పాం. “నాకెందుకండి, నేనేవన్నా చదువుతానా పెడతానా,” అన్నాడు.

అక్టోబరు 5, ఆదివారం

యానాం. కాకినాడ నుంచి ముప్పావు గంట. మావాళ్లకి యానాం అంటే చవక పెట్రోలు, ఇంకోటి. ఆ ఇంకోటి జోలికి పోకుండా సాయంత్రం దాకా తిరిగాం.

యానాం మీద వ్యాసం మా కాకినాడ కుర్రాడిది. 1954 నవంబరు 1న యానాం పాలన ఫ్రాన్స్ నుంచి భారత్ చేతికి వచ్చింది, అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న అయ్యాయి. ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదించి, చట్టరీత్యా బదిలీ పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16. ఆ మధ్య ఎనిమిదేళ్లు ఈ ఊరు పాలనలో ఒక దేశానిది, కాగితాల్లో ఇంకో దేశానిది. సార్వభౌమత్వం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే ఇక యానాం అని రాస్తానన్నాడు. ఒప్పందం అమల్లోకి వచ్చాక ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునేవాళ్లకి ఆరు నెలల గడువిచ్చారు. అలా ఉంచుకున్న కుటుంబాల వాళ్లు ఇప్పటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తారు.

దారిలో కోరంగి దగ్గర ఆగాం. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుపానులో పోయింది. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేది ఈ ఊరి పేరుతోనే. దాని మీద రెండో సంచికలో పెద్ద వ్యాసం రావాలి. ఎవరు రాస్తారో ఇంకా తేలలేదు.

అక్టోబరు 18, శనివారం

డీటీపీ, అంటే అచ్చుకి పేజీలు కూర్చే పని. ఈ వారం నిద్ర లేదు.

మేమందరం ఫోన్లలో యూనికోడ్‌లో రాశాం. ప్రెస్సాయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తాడు, పాతికేళ్ల అలవాటు. మధ్యలో దీన్ని దాన్లోకి మార్చే కన్వర్టర్. అది పొల్లు అక్షరం పక్కన మేం పెట్టిన కనబడని విరుపుని తినేసింది. దాంతో పొల్లుతో ఆగాల్సిన పేర్లన్నీ పక్క అక్షరంతో ముద్దయ్యాయి: ట్రంప్కు, పుతిన్తో, ఇరాన్లో, పాకిస్తాన్కు. వ్యవసాయ పత్రికైతే ఈ బాధ ఇంతుండదు. వరికి, చెరువులో, రైతుతో – తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, విభక్తి హాయిగా అతుక్కుంటుంది. మాది దేశాల పత్రిక కదా, పేజీకి ఇరవై పరాయి పేర్లు. 32 పేజీల్లో నాలుగు వందల పైచిలుకు చోట్ల దిద్దాలి.

ప్రెస్సాయన చూసి, “ట్రంపుకు అని రాస్తే పోలా బాబూ? మా నాన్న చర్చిలుకు, స్టాలినుకు అనేవాడు,” అన్నాడు. నాకు నచ్చింది. ట్రంపు, పుతిను, ఇరాను. డిజైన్ కుర్రాడు ఎవరో తాతగారు రాసినట్టుందని మొహం పెట్టాడు. ఓటింగ్ పెడితే ఐదు–నాలుగు తేడాతో తాతగారే గెలిచారు.

రెండో గండం మ్యాపు. సుంకాల వ్యాసానికి డిజైన్ కుర్రాడు నెట్‌లోంచి అందమైన ప్రపంచ పటం తెచ్చి పెట్టాడు. మూడు ప్రూఫులు చూశాం, ఎవరికీ ఏమీ అనిపించలేదు. అంతర్జాతీయ సంబంధాలు చదువుతున్న తొమ్మిది మందిమి! ప్రెస్సాయన ప్లేటుకి పంపబోతూ ఆగి, అద్దాలు పైకి నెట్టుకుని, “ఇండియాకి తల సగం లేదేంటి?” అన్నాడు. కాశ్మీరు చుట్టూ చుక్కల గీతలు, అక్సాయ్ చిన్ వేరే రంగు. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా దేశపటం అచ్చేస్తే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చని 1961 నాటి చట్టం ఒకటుంది. ఎవరి సరిహద్దు వాదన ఏదైనా మ్యాపు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవడం సంపాదకుడి పని. ఆ తప్పు పూర్తిగా నాదే. రాత్రి పదకొండింటికి సర్వే ఆఫ్ ఇండియా సైటు నుంచి పటం దించుకుని మళ్లీ పెట్టాం. టీ కూడా ప్రెస్సాయనే తెప్పించి మాకిచ్చాడు.

అక్టోబరు 23, గురువారం

ముమ్మిడివరం రాసిన కువైట్ వ్యాసం తీసేశాం. సంచికలో అన్నింటికన్నా మంచి వ్యాసం అదే.

ఇంటి పనికి వెళ్లి ఆరేళ్లకి తిరిగొచ్చిన ఒకావిడతో మూడు సాయంత్రాలు కూర్చుని రాసింది. పదో తరగతి పాసవ్వని వాళ్లు గల్ఫ్ లాంటి చోట్లకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి, కావాలి. ముప్పై ఏళ్లలోపు ఆడవాళ్లకి అది ఇవ్వరు. వాళ్ల మంచికే పెట్టిన నిబంధన. ఊళ్లో అది ఎలా పనిచేస్తుందంటే, ఏజెంట్ విజిట్ వీసా మీద పంపిస్తాడు. అక్కడ దిగాక ఆమె ఏ లెక్కలోనూ ఉండదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో. చట్టం ఒకటి, దాని చుట్టూ తిరిగే దారి ఒకటి. ఆ రెండింటి మధ్య ఆవిడ ఆరేళ్లు.

పేరు, ఊరు వేయలేదు. అయినా ఆవిడ నిన్న ఫోన్ చేసిందట: “వద్దు తల్లీ. మా చెల్లెలి కూతురి వీసా ఆ ఏజెంటు దగ్గరే ఉంది.” ఏమంటాం? కర్నూలు మాత్రం పేరు లేదు కదా, వేసేద్దామన్నాడు. వాడి వైపు ముమ్మిడివరం చూసిన చూపుకి మళ్లీ మాట్లాడలేదు. రెండు పేజీలు ఖాళీ. సెంటర్ పిన్ పుస్తకంలో రెండు పేజీలు తీసేస్తానంటే కుదరదు, తీస్తే నాలుగు తీయాలి. ప్రెస్సాయన సోమవారం దాకా గడువిచ్చాడు.

అక్టోబరు 30, గురువారం

సోమవారం రాలేదు, మొంథా తుపాను వచ్చింది.

28 రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. హాస్టల్ కిటికీ అద్దాలు రెండు పోయాయి. కరెంటు ఈ పొద్దున వచ్చింది. నరసాపురం వాళ్లది పక్కా ఇల్లే, కొబ్బరి చెట్లు ఆరు పడ్డాయట. ఆకివీడు మావయ్యకి ఫోన్ చేస్తే నవ్వాడు. సుంకం భయానికి సెప్టెంబరులోనే అరవై కౌంట్లో పట్టుబడి చేసేసి, చెరువు ఎండబెట్టాడు. పక్క చెరువుల్లో కరెంటు లేక, డీజిల్ దొరక్క రాత్రంతా జనరేటర్ల గోల. “ట్రంపు గారి దయ, తుపానుకి నాకు పోయిందేమీ లేదు,” అన్నాడు. సెప్టెంబరులో ఎంత పోయిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

చీకట్లో కూర్చున్న రాత్రి నరసాపురం అడిగింది, ఈ మొంథా ఎవరి మాట అని. థాయ్‌లాండ్‌ది. సువాసన గల పువ్వని అర్థం. ఖాళీ పేజీలకి వ్యాసం దొరికింది.

ఉత్తర హిందూ మహాసముద్రంలో పుట్టే తుపాన్లకి 13 దేశాలు పేర్లు పెడతాయి. తలా 13 చొప్పున 169 పేర్లతో 2020లో జాబితా వచ్చింది. ఇంగ్లీషు అక్షరక్రమంలో బంగ్లాదేశ్‌తో మొదలై యెమెన్‌తో ముగుస్తుంది, మళ్లీ మొదటికి. ఈ నెల మొదట్లో అరేబియా సముద్రంలో వచ్చిన శక్తి శ్రీలంక పేరు. తర్వాత థాయ్‌లాండ్, మొంథా. ఇక వచ్చేది యూఏఈ వాళ్ల సెన్యార్, ఆ వెనక యెమెన్ వాళ్ల దిత్వా. మే నెలలో క్షిపణులు విసురుకున్న భారత్, పాకిస్తాన్ ఒకే పట్టికలో పేర్లిచ్చి కూర్చున్నాయి. ఢిల్లీలోని తుపాను కేంద్రం ఇచ్చే హెచ్చరిక కరాచీకీ వెళ్తుంది. ఫోన్ టార్చి వెలుగులో ఆరుగురం కలిసి రాశాం. ఏ వాక్యం ఎవరిదో ఇప్పుడు చెప్పలేం.

నవంబరు 8, శనివారం

అచ్చయింది. 500 కాపీలు, డెమీ 1/4, కవరుతో 36 పేజీలు, లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం. మూడొందలు చాలన్నాం, ప్లేట్ల ఖర్చు ఎలాగూ ఒకటే అన్నాడు ప్రెస్సాయన. కాగితం రాజమండ్రి మిల్లుదే. 2011 నుంచి 2019 దాకా ఆ మిల్లు ఒక అమెరికన్ కంపెనీ చేతిలో ఉండేదని కాకినాడ చెప్పాడు. ముందే చెప్పుంటే అదో బాక్స్ ఐటెం అయ్యేది.

19వ పేజీలో ‘సెనెగల్’ రెండుచోట్ల ‘సెగనెల్’ అయింది. బియ్యం ఎగుమతి నిషేధం మీద వ్యాసం అది. 2023 జులైలో తెల్ల బియ్యం ఆపితే కాకినాడ రేవులో హమాలీలకి ఏమైందన్నది. మంచి వ్యాసానికే దిష్టి తగిలింది.

నవంబరు 28, శుక్రవారం

మిగిలినవి 140 కాపీలు. అప్పు 2,300.

మొన్న బుధవారం సెన్యార్ వచ్చింది. మరుసటి రోజే దిత్వా. ఫోన్లు మొదలయ్యాయి: “మీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందే!” మేత షాపాయన కూడా చేశాడు, అంటే చదివాడన్న మాట. రెండో సంచికలో ఈ పేర్ల శీర్షిక సరదాగా కొనసాగిద్దామని నిన్న మధ్యాహ్నం అనుకున్నాం. రాత్రి శ్రీలంక నుంచి వస్తున్న ఫొటోలు చూశాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ముమ్మిడివరం పొద్దున్నే వచ్చి కోరంగి–బర్మా వ్యాసం తను రాస్తానంది. కువైట్ వ్యాసం ఫైలు నా ల్యాప్‌టాప్‌లోంచి కూడా చెరిపేయమంది. చెరిపేశాను. రీసైకిల్ బిన్ కూడా తెరిచి చూపించమంది.